మిస్టర్ సెల్ఫ్రిడ్జ్ చూస్తున్నవాళ్ళు ఇటు రండి (స్పాయిలర్లు ఉంటాయి, ముందే చెప్తున్నా)

గోదారిగట్టు (రాజమండ్రి)

అందరికీ నమస్తే అండి. పీరియడ్ డ్రామాల మీద ఇక్కడున్న థ్రెడ్లన్నీ రాజులు, కోటలు, కత్తులే. అంగడి మీద ఒక్కటీ లేదు. అందుకే ఇది మొదలుపెడుతున్నా.

ఐటీవీ వాళ్ళ ‘మిస్టర్ సెల్ఫ్రిడ్జ్’ మొదటి సీజన్ అయిపోయింది, రెండోది సగంలో ఉన్నా. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు: హ్యారీ గోర్డన్ సెల్ఫ్రిడ్జ్ అనే అమెరికన్ షికాగో నుంచి లండన్ వచ్చి, 1909లో ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో ఒక మహా దుకాణం తెరుస్తాడు. ఆయన ఎలా వెలిగాడు, ఎలా ఆరిపోయాడు అన్నదే కథ. 2013 నుంచి 2016 దాకా నాలుగు సీజన్లు వచ్చింది.

నన్ను పట్టేసిన సీను మొదటి ఎపిసోడ్‌లోనే ఉంది. హ్యారీ గామేజెస్ అనే షాపులో గ్లోవ్స్ కౌంటర్ దగ్గరికి వెళ్తాడు. అక్కడి పద్ధతి ప్రకారం కొనేవాళ్ళు ఏం కావాలో చెప్పాలి, అమ్మాయి సొరుగులోంచి అదొక్కటే తీసి చూపించాలి. ఈయన అన్నీ బయట పెట్టమంటాడు. ఆగ్నెస్ టవ్లర్ అనే పిల్ల పెట్టేస్తుంది. ఆ దెబ్బకి ఆమె ఉద్యోగం ఊడుతుంది. సరుకు బల్ల మీద పరిచినందుకు!

రెండు ప్రశ్నలు. ఇందులో ఎంత నిజం, ఎంత అల్లిక? హీరో జెరెమీ పివెన్ ప్రతి సీనులో మైకు ముందు నిలబడినట్టు మాట్లాడటం నాకొక్కదానికే చిరాగ్గా ఉందా?

సీరియల్ పిచ్చి (విశాఖ)

మీకొక్కరికే కాదు లెండి. పివెన్‌ని ‘ఆంటూరాజ్’లో చూసినవాళ్ళకి అలవాటే, అక్కడా నోరు మూయడు. కానీ ఆలోచిస్తే ఆ అతి ఇక్కడ కావాల్సిందే. ఇంగ్లీషు వాళ్ళందరూ గుసగుసలాడే గదిలోకి ఒక అమెరికన్ చప్పట్లు కొడుతూ రావాలి కదా, లేకపోతే కథ ఎక్కడుంది? రెండో సీజన్ చివరికి ఆయనే కాస్త తగ్గుతాడు, చూడండి.

నిజం, అల్లిక సంగతి: సెల్ఫ్రిడ్జ్, ఆయన భార్య రోజ్, తల్లి లోయిస్, పిల్లలు నిజం. ఆగ్నెస్, విండోలు అలంకరించే హెన్రీ లెక్లెయిర్, పెద్దింటి ఆవిడ లేడీ మే, షాపు స్టాఫ్ మిస్ మార్డల్, మిస్టర్ గ్రోవ్ అందరూ కల్పితం. స్టేజి నటి ఎలెన్ లవ్ కూడా కల్పితమే గానీ ఆమె వెనక గాబీ డెస్లీ అనే ఫ్రెంచ్ డాన్సర్ ఉంది. కథనం అల్లింది ఆండ్రూ డేవిస్, 1995 నాటి బీబీసీ ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ రాసినాయన. ఆయన చేయి పడితే ప్రతి మనిషీ ఎవరో ఒకరితో ప్రేమలో పడాల్సిందే, అది మినహాయించుకుని చూడాలి.

నా ఓటు మాత్రం లేడీ మేకి. కాథరిన్ కెల్లీ కనుబొమ్మ ఒకటి ఎత్తితే చాలు, పివెన్ అరుపులు పది కొట్టుకుపోతాయి.

కౌంటర్ నంబర్ 3 (విజయవాడ)

ఈ థ్రెడ్ నా కోసమే పెట్టినట్టున్నారు. నేను ఇక్కడ ఒక బట్టల షోరూమ్‌లో ఫ్లోర్ ఇన్‌చార్జిని. సీరియల్ నేను ప్రేమకథల కోసం చూడలేదు, కౌంటర్ల కోసం చూశాను.

గోదారిగట్టు గారు చెప్పిన గ్లోవ్స్ సీను మా వాళ్ళకి అర్థం కావడానికి అరక్షణం పట్టదు. పాత బట్టల కొట్టు గుర్తుందా? పరుపు మీద తెల్ల దుప్పటి, వెనక గోడ నిండా బీరువాలు. సేల్స్‌మన్ ముందు మనిషి మొహం చూస్తాడు, ఆ తర్వాతే ఏ అరలో చెయ్యి పెట్టాలో తేల్చుకుంటాడు. ఆడవాళ్ళు పది చీరలు విప్పించి లేచారంటే మడతలు పెట్టే కుర్రాడి మొహం చూడాలి. ‘ఊరికే చూడ్డానికి వచ్చాం’ అని చెప్పే ధైర్యం ఎవరికుండేది? సెల్ఫ్రిడ్జ్ చేసింది ఆ ధైర్యం అమ్మడమే. లోపలికి రండి, తిరగండి, ముట్టుకోండి, కొనకపోయినా ఫర్వాలేదు. చూస్తూ తిరిగే మనిషి ఇవాళ కాకపోతే రేపు కొంటుందని ఆయనకి తెలుసు.

సీరియల్‌లో నాకు నచ్చిన ఇంకో పని, అద్దాల్లో బొమ్మల అలంకరణని ఒక డిపార్ట్‌మెంట్‌గా చూపించడం. హెన్రీ లెక్లెయిర్ విండో ముందు నిలబడి రోడ్డు అవతల నుంచి ఎలా కనిపిస్తుందో చూస్తాడే, అది నిజంగా చేసే పనే. ఆషాఢం సేల్ అప్పుడు మేమూ అలాగే రోడ్డు దాటి వెళ్ళి చూసుకుంటాం.

తూర్పు లండన్

అక్కడే ఉంటాను కాబట్టి చోటు గురించి నేను చెప్తా. సీరియల్ చూసి ఇప్పటి సెల్ఫ్రిడ్జెస్‌కి వెళ్తే లోపల ఆ చెక్క కౌంటర్లు, ఆ వెలుగు ఏమీ ఉండవు. లోపలంతా ఇప్పటి బ్రాండ్ల రాజ్యం. అందుకే వాళ్ళు లోపలి సెట్‌ని లండన్‌లోనే నీస్డన్‌లో వేశారు, షాపు బయటి ముఖాన్ని కెంట్‌లోని చాథమ్ డాక్‌యార్డ్‌లో కట్టారు.

బయట మాత్రం అసలు భవనమే అద్భుతం. రాతి స్తంభాలు చూసి అంతా రాయి అనుకుంటాం గానీ లోపల ఎముకలు ఉక్కువి. షికాగోలో ఆకాశహర్మ్యాలు కట్టిన డేనియల్ బర్నమ్ చేయి ఇందులో ఉంది. ఉక్కు ఫ్రేము మీద నిలబెట్టడం వల్లే అంత పెద్ద అద్దాల కిటికీలు పెట్టగలిగారు. మొత్తం ఒకేసారి కట్టలేదు, ఈ చివర నుంచి ఆ చివర దాకా ముఖం పూర్తయ్యేసరికి 1928 వచ్చింది.

ఇంకోటి. 1909లో ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ పడమటి కొస, అంటే మార్బుల్ ఆర్చ్ వైపు, షాపింగ్‌కి పేరున్న చోటు కాదు. పెద్ద దుకాణాలన్నీ వేరే దిక్కున. ఆ మూలకి ఎవరొస్తారని అందరూ నవ్వారు. దాన్ని సీరియల్ బాగానే చూపించింది.

షికాగో చలి

లండన్ వాళ్ళు గొప్పలు పోతున్నారు, మా ఊరి సంగతి కూడా వినండి.

హ్యారీ విస్కాన్సిన్‌లోని రిపన్‌లో పుట్టాడు. తండ్రి అంతర్యుద్ధానికి వెళ్ళి మళ్ళీ ఇంటికి రాలేదు. చచ్చిపోయి కాదు, రావడం ఇష్టం లేక. తల్లి బడిపంతులమ్మగా పనిచేసి పెంచింది. 1879లో షికాగోలో ఫీల్డ్, లీటర్ అండ్ కంపెనీలో చిన్న ఉద్యోగంలో చేరాడు. అదే తర్వాత మార్షల్ ఫీల్డ్ అయింది. పాతికేళ్ళు అక్కడే ఉన్నాడు. అక్కడ ఆయన పేరు ‘మైల్ ఎ మినిట్ హ్యారీ’, నిమిషానికి మైలు పరిగెత్తేవాడన్నమాట.

సీరియల్‌తో నా గొడవ ఇక్కడే. ఆయన లండన్‌లో కళ్ళు మూసుకుని ఒక కల కని, తెరిచేసరికి షాపు తయారైనట్టు చూపిస్తారు. రాత్రిపూట విండోల్లో దీపాలు, షాపులోనే టీ రూము, తక్కువ ధర సరుకుకి నేలమాళిగ, క్రిస్మస్‌కి ఇంకా ఇన్ని రోజులే అనే ప్రకటనలు, ఇవన్నీ షికాగోలో అప్పటికే నడిచి అరిగినవి. మార్షల్ ఫీల్డ్ అనే మనిషి మాట తక్కువ, ఖర్చు తక్కువ. హ్యారీ ఆలోచనలకి పగ్గం పట్టుకుని కూర్చున్నది ఆయనే.

1904లో అలిగి బయటికొచ్చి, షికాగోలోనే ష్లెసింగర్ అండ్ మేయర్ షాపు కొన్నాడు. కొన్ని నెలల్లోనే కార్సన్ పిరీ స్కాట్ వాళ్ళకి లాభానికి అమ్మేశాడు. రెండేళ్ళకి లండన్. సీరియల్‌లో ఇదంతా ఎగిరిపోయింది.

గోదారిగట్టు

అబ్బ, ఒక్క రాత్రిలో ఇంత! ధన్యవాదాలు అందరికీ.

షికాగో గారూ, అలా అయితే ఆయన గొప్ప ఏముంది మరి? ఒక ఊళ్ళో చూసింది ఇంకో ఊళ్ళో పెట్టడమేనా?

విమానం సంగతి ఎవరైనా చెప్పండి. షాపులో విమానం పెట్టడం నిజమేనా, రేటింగ్ కోసం కలిపారా?

తూర్పు లండన్

విమానం నూటికి నూరుపాళ్ళు నిజం. లూయీ బ్లెరియో 1909 జులై 25న ఇంగ్లిష్ ఛానల్ దాటి డోవర్ దగ్గర దిగాడు. ఆదివారం అది. ఆ విమానాన్ని హ్యారీ వెంటనే రప్పించి షాపులో పెట్టించాడు. నాలుగు రోజుల్లో లక్షన్నర మంది వచ్చి చూశారని లెక్క చెప్తారు. షాపు తెరిచి అప్పటికి నాలుగు నెలలే. విమానం చూడ్డానికి వచ్చినవాళ్ళు ఖాళీ చేతులతో వెళ్ళారంటారా?

ఇలాంటివి ఆయనకి అలవాటే. 1925లో జాన్ లోగీ బెయర్డ్ తన టెలివిజన్ యంత్రాన్ని జనానికి చూపించింది కూడా ఈ షాపులోనే. మిద్దె మీద తోటలు, మినీ గోల్ఫ్, ఆడపిల్లల తుపాకీ క్లబ్బు కూడా ఉండేవి!

పోటీవాళ్ళూ ఊరుకోలేదు. సెల్ఫ్రిడ్జెస్ 1909 మార్చి 15న తెరిస్తే, హారడ్స్ వాళ్ళు సరిగ్గా అదే వారంలో తమ అరవయ్యేళ్ళ పండగ పెట్టుకుని సంగీత కచేరీలు చేయించారు. షష్టిపూర్తి ముహూర్తం అంత కచ్చితంగా కుదిరిందంటే నమ్మాలి మరి. తర్వాత 1917లో హ్యారీ, హారడ్స్ అధిపతి బర్బిడ్జ్ పందెం కాశారు: అమ్మకాల్లో సెల్ఫ్రిడ్జెస్ హారడ్స్‌ని దాటుతుందా లేదా అని. హ్యారీ ఓడాడు. 1927లో హారడ్స్ భవనానికి వెండి నమూనా చేయించి ఇచ్చుకున్నాడు. ఈ సీను సీరియల్‌లో పెట్టకపోవడం నేరం.

ఆబిడ్స్ పోరడు (హైదరాబాద్)

అన్నలూ అక్కలూ, మధ్యలో దూరుతున్నా. లండన్ దాకా ఎందుకు, మన దగ్గర ఏకంగా ఒక సెంటరే ఇలాంటి షాపు పేరు మీద నడుస్తోంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆర్మేనియన్ యూదుడు ఉండేవాడు. నిజాం బట్టలు, గడియారాలు చూసుకునే పని. ఆయనే షాపు పెట్టి విదేశీ సరుకు తెప్పించి అమ్మాడు. షాపు పోయింది, మనిషి పోయాడు, ఆబిడ్స్ మిగిలింది. దీని మీద సీరియల్ ఎవరు తీస్తారో చెప్పండి, మొదటి టికెట్ నాదే.

సీరియల్ పిచ్చి

తమ్ముడూ, సీరియల్‌కి టికెట్ ఉండదు. కానీ ఐడియా బాగుంది. నిజాం ఇంట్లో పనిచేస్తూ నిజాంకే సరుకు అమ్మే మనిషి! ఒక సీజన్ దానికే సరిపోతుంది.

కౌంటర్ నంబర్ 3

గోదారిగట్టు గారు అడిగిన ‘గొప్ప ఏముంది’ అన్నదానికి నా మాట. ఒక ఊళ్ళో నడిచింది ఇంకో ఊళ్ళో నడపడం తేలికనుకుంటున్నారా? షికాగోలో జనం అప్పటికే షాపులో తిరగడం నేర్చుకున్నారు. లండన్‌లో ద్వారం దగ్గరే ఒక పెద్దమనిషి నిలబడి ఏం కావాలని అడిగేవాడు, ఏమీ వద్దంటే తోవ చూపించేవాడు. ఆ అలవాటు ఉన్న ఊళ్ళో జనానికి తిరగడం నేర్పాలి, స్టాఫ్‌కి తిరగనివ్వడం నేర్పాలి. రెండోదే కష్టం. నేను రోజూ చేసే పని కాబట్టి చెప్తున్నా.

పెర్ఫ్యూమ్, పౌడర్ల కౌంటర్లని గ్రౌండ్ ఫ్లోర్లో, వాకిలి ఎదురుగా పెట్టడం చూశారు కదా. అంతకుముందు అలాంటివి వెనక ఎక్కడో, సిగ్గుపడే సరుకులా ఉండేవి. ఇవాళ ఏ మాల్‌కి వెళ్ళినా అడుగు పెట్టగానే సెంటు వాసన కొడుతుంది, ఆ వరస అక్కడిది. లిప్‌స్టిక్ అమ్మాలా వద్దా అని సీరియల్‌లో మీటింగులు జరుగుతుంటే నాకు నవ్వొచ్చింది. మాకు ఇప్పుడు ఆ కౌంటరే అద్దె కట్టి పెడుతుంది.

ఆడవాళ్ళకి రెస్ట్ రూములు పెట్టడం కూడా చిన్న విషయం కాదు. అప్పటి లండన్‌లో ఆడవాళ్ళు వాడుకోవడానికి బయట చోట్లు బహు తక్కువ. పొద్దున వచ్చిన మనిషి సాయంత్రం దాకా షాపులో ఉండాలంటే టీ ఉండాలి, కూర్చునే చోటు ఉండాలి, అదీ ఉండాలి. రొమాన్స్ మధ్య ఈ సంగతి సీరియల్‌లో ఒక్క నిమిషం కూడా దొరకలేదు.

మల్లెతీగ (తెనాలి)

చాలా రోజులుగా చదువుతున్నా, ఇవాళ రాయాలనిపించింది. కస్టమర్ల సౌఖ్యం గురించి ఇంత మాట్లాడుకుంటున్నాం. కౌంటర్ వెనక నిలబడ్డ అమ్మాయిల సంగతి ఏంటి?

ఆ రోజుల్లో లండన్ పెద్ద షాపుల్లో ‘లివింగ్ ఇన్’ అనే పద్ధతి ఉండేది. స్టాఫ్ షాపు వాళ్ళ హాస్టల్లోనే పడుకోవాలి, వాళ్ళు పెట్టిందే తినాలి, రాత్రి ఇన్నింటికల్లా లోపల ఉండాలి. వైట్లీస్ అనే షాపులో రూల్ బుక్‌లో 170కి పైగా రూల్స్, తప్పితే జీతంలో కోత. ఆ విలియం వైట్లీని 1907లో హోరేస్ రేనర్ అనే కుర్రాడు షాపులోనే కాల్చి చంపాడు, తాను ఆయన కొడుకునని చెప్పుకున్నాడు. సీరియల్ తీయాల్సింది అసలు దీని మీద.

సెల్ఫ్రిడ్జ్ ఈ హాస్టల్ పద్ధతి పెట్టలేదు. ఆ ఒక్క విషయంలో ఆయనకి దండం. ఓటు హక్కు కోసం పోరాడే ఆడవాళ్ళ పత్రికకి ప్రకటనలు ఇచ్చాడు, వాళ్ళ జెండా షాపు మీద ఎగరేశాడు. వ్యాపారం కోసమే అనండి, అయినా ఇచ్చాడు. ఆ షాపులో పనిచేసిన గ్లాడిస్ ఎవాన్స్ అనే అమ్మాయి 1912లో డబ్లిన్‌లో థియేటర్ రాయల్‌కి నిప్పు పెట్టబోయి జైలుకెళ్ళింది. ఆగ్నెస్ ప్రమోషన్ల కథ కంటే ఈ అమ్మాయి కథ వంద రెట్లు బాగుండేది. తీసినవాళ్ళకి కనపడలేదు.

ఇంకొకటి చెప్పి ఆపుతా. బ్రిటన్‌లో 1899లోనే ఒక చట్టం వచ్చింది, షాపుల్లో ప్రతి ముగ్గురు ఆడ ఉద్యోగులకి కనీసం ఒక కుర్చీ ఉండాలని. మన దేశంలో కేరళ 2018లో, తమిళనాడు 2021లో కూర్చునే హక్కు ఇచ్చాయి. అక్కడ కూడా బట్టల షాపుల్లో అమ్మాయిలు గొంతెత్తితేనే. కౌంటర్ నంబర్ 3 గారూ, మీ షోరూమ్‌లో ఎన్ని కుర్చీలున్నాయి?

కౌంటర్ నంబర్ 3

మల్లెతీగ గారూ, సూటిగా అడిగారు, సూటిగానే చెప్తా. కస్టమర్లకి ఉన్నాయి. స్టాఫ్‌కి స్టూళ్ళు స్టాక్ రూములో ఉన్నాయి. కస్టమర్ కనిపిస్తుండగా ఎవరూ కూర్చోరు. యజమాని చూస్తే ఏమంటారో అన్న భయం, అది నాకూ ఉంది. పెళ్ళిళ్ళ సీజన్లో రాత్రి షట్టర్ వేశాక మా పిల్లలు మెట్ల మీద కూలబడి కాళ్ళు పట్టుకుంటారు. సీరియల్‌లో ఎవరికీ కాళ్ళు నొప్పి పెట్టవు, గమనించారా? షట్టర్ వేశాక కూడా అందరూ ఇస్త్రీ చెదరకుండా ఉంటారు.

సీరియల్ పిచ్చి

మీరు చెప్పాక మళ్ళీ ఒక ఎపిసోడ్ పెట్టి చూశా. నిజమే, ఒక్కళ్ళు కూడా చెప్పు విప్పరు. అయినా ఇది డాక్యుమెంటరీ కాదండీ. మిస్ మార్డల్ కథ చూడండి. మిస్టర్ గ్రోవ్ మంచాన పడ్డ భార్య ఉందని ఏళ్ళ తరబడి ఈమెని ఆశలో పెట్టి, భార్య పోగానే చిన్నపిల్లని చేసుకుంటాడు. ఆమె మర్నాడు అదే మనిషి కింద, అదే ఫ్లోర్లో, అదే మర్యాదతో పని చేయాలి. పని చోట నొప్పి అంటే అది కూడా. అమాండా అబింగ్టన్ ఒక్క కన్నీటి బొట్టు రాల్చకుండా చేసింది.

లెక్కల మాస్టారు (గుంటూరు)

అందరూ గుండె గురించి మాట్లాడారు, నేను గల్లాపెట్టె గురించి మాట్లాడతాను. వృత్తి రీత్యా ఆడిటర్‌ని. నాలుగు సీజన్లూ చూశాను, నాలుగోది కోపంగా చూశాను.

సీరియల్ చెప్పేదాని సారం ఇది: హ్యారీకి జూదం, ఆడవాళ్ళు బలహీనత. భార్య రోజ్ 1918లో ఫ్లూ మహమ్మారిలో పోయింది. తల్లి 1924లో పోయింది. పట్టుకునేవాళ్ళు లేక జారాడు, డాలీ సిస్టర్స్ అనే కవల డాన్సర్ల మీద డబ్బు పోశాడు, మునిగాడు. ఇందులో ఏదీ అబద్ధం కాదు. కానీ జూదంతో మనిషి మునుగుతాడు, అంత పెద్ద షాపు మునగదు. షాపుకి దెబ్బ వేరే చోట తగిలింది.

మొదటి నుంచీ చూడండి. షాపు కట్టడానికి తన డబ్బు 4 లక్షల పౌండ్లు పెట్టాడంటారు. భాగస్వామి శామ్ వేరింగ్ మధ్యలో వదిలేశాడు, సీరియల్‌లో కూడా ఉంది. లేడీ మే చక్రం తిప్పి డబ్బు తెప్పించినట్టు చూపించారు. నిజంగా ఆదుకున్నది జాన్ మస్కర్ అనే టీ వ్యాపారి. టీ వ్యాపారి గౌను వేసుకోడు కాబట్టి తెర మీద పనికి రాలేదు.

తర్వాత 1920ల మధ్యలో షేర్ మార్కెట్ ఊపు మీద ఉంది. హ్యారీ ఊళ్ళలో ఉన్న పాత దుకాణాలన్నీ కొని ‘సెల్ఫ్రిడ్జ్ ప్రావిన్షియల్ స్టోర్స్’ అని ఒక గొలుసు కట్టాడు, కొడుకు గోర్డన్‌ని దాని మీద కూర్చోబెట్టాడు. అది చాలక 1927లో మల్లెతీగ గారు చెప్పిన ఆ వైట్లీస్‌నే కొన్నాడు. కొనేటప్పుడు దాని వాటాదారులకి ఏటా డివిడెండ్ వచ్చేలా తాను గ్యారంటీ ఇచ్చాడు. షాపు సంపాదించినా, సంపాదించకపోయినా ఇవ్వాల్సిందే. రెండేళ్ళు తిరగకుండానే 1929 మాంద్యం వచ్చింది. అమ్మకాలు పడ్డాయి, హామీ పడలేదు. మునిగిన చోటు ఇది.

దీనికి తోడు ఇంటి ఖర్చు. లాన్స్‌డౌన్ హౌస్ అనే భవనం లండన్‌లో అద్దెకి. హైక్లిఫ్ కోట 1916 నుంచి 1922 దాకా అద్దెకి. అది చాలదని హెంగిస్ట్‌బరీ హెడ్ అనే సముద్రపు కొండ కొని, 250 పడగ్గదుల కోట కడతానని ప్లాన్లు గీయించాడు. ఒక్క ఇటుక పడలేదు, 1930లో ఆ కొండని బోర్న్‌మత్ మున్సిపాలిటీకి అమ్మాడు. కంపెనీ పబ్లిక్‌ది అయినా గల్లాపెట్టె మాత్రం తన జేబే అనుకున్నాడు.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన రోజుల్లో ఆయన పన్ను బాకీయే 2,50,000 పౌండ్లు, షాపుకి బాకీ వేరే. బోర్డు పెద్దాయన్ని పక్కకి తప్పించింది. ఆ ఊళ్ళ దుకాణాల గొలుసులో 15 షాపుల్ని 1940లో జాన్ లూయిస్ వాళ్ళు కొనేశారు. కేంబ్రిడ్జ్‌లో రాబర్ట్ సేల్, లివర్‌పూల్‌లో జార్జ్ హెన్రీ లీ, షెఫీల్డ్‌లో కోల్ బ్రదర్స్. ఇదంతా ఒక్క ఎపిసోడ్‌లో ఒక్క బోర్డు మీటింగ్ పెడితే తెలిసేది. డాలీ సిస్టర్స్‌కి మాత్రం ఎపిసోడ్లు ఉన్నాయి.

షికాగో చలి

మాస్టారూ, చప్పట్లు. నేను ముందు చెప్పిన పగ్గం ఇదే. షికాగోలో మార్షల్ ఫీల్డ్ ఉన్నాడు, వద్దంటే వద్దు. లండన్‌లో వద్దనే మనిషి లేడు. సీరియల్‌లో అకౌంటెంట్ మిస్టర్ క్రాబ్ పాపం ప్రతి సీజన్‌లో ఒకటే డైలాగ్, ‘కానీ చీఫ్...’ అంటాడు, అంతలో సీను కట్.

లెక్కల మాస్టారు

మిస్టర్ క్రాబ్ నా హీరో. ప్రొఫైల్ ఫోటోగా పెట్టుకుందామనుకుంటున్నా.

సీరియల్ పిచ్చి

మాస్టారూ, అన్నీ ఒప్పుకుంటా గానీ ఒక్క మాట. డివిడెండ్ గ్యారంటీని తెర మీద ఎలా చూపిస్తారు? జనానికి మొహాలు కావాలి. జూదం బల్ల మీద చిప్స్ నెట్టడం చూపిస్తే ఎవరికైనా అర్థమవుతుంది. హామీ పత్రం మీద సంతకం చూపిస్తే మా అమ్మ ఛానల్ మార్చేస్తుంది. ఆ వైట్లీస్ హామీ కూడా ఒకరకంగా జూదమే కదా, వాళ్ళు ఒకటి చూపించి రెండోది సూచించారనుకోండి.

లెక్కల మాస్టారు

సూచించలేదండీ, మార్చేశారు. రెండిటికీ తేడా ఉంది. జూదం అంటే ‘పాపం, బలహీనుడు’ అని చూసేవాళ్ళు జాలిపడతారు. హామీ అంటే ‘ఎవరి డబ్బుతో?’ అని అడుగుతారు. సీరియల్ మొదటిది ఎంచుకుంది ఎందుకంటే హీరో మీద జాలి ఉండాలి, ప్రశ్న ఉండకూడదు. మీ అమ్మగారిని తక్కువ అంచనా వేయకండి. చీటీల కంపెనీ మూతపడితే ఏమవుతుందో మన ఊళ్ళలో ఏ అమ్మకి తెలియదు?

మల్లెతీగ

మాస్టారి మాటే నా మాట. చివరి సీజన్ 1928తో మొదలవుతుంది, 1930లు రాకముందే ఆయన షాపు గుమ్మం దిగిపోతాడు. నిజంగా ఇంకో పదేళ్ళు అదే కుర్చీలో కూర్చున్నాడు. ఆ పదేళ్ళలో మాంద్యం ఉంది, బాకీలు ఉన్నాయి, పొడుగు కోటు వేసుకుని రోజూ షాపు తిరిగే ముసలాయన ఉన్నాడు. అసలు నాటకం అదే. దాన్ని వదిలేసి తలెత్తుకుని వెళ్ళిపోతున్న హీరోని చూపించారు.

ఆబిడ్స్ పోరడు

మరి ఆఖరికి ఏమైండు ఆయన?

తూర్పు లండన్

లండన్‌లోనే పట్నీ అనే చోట చిన్న ఫ్లాట్‌లో కూతురు దగ్గర ఉన్నాడు. పెన్షన్ మొదట ఏడాదికి 6,000 పౌండ్లు అన్నారు, తర్వాత 2,000కి కోశారు. బస్సెక్కి వచ్చి ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో దిగి షాపు చూసి వెళ్ళేవాడని, ఒకసారి పోలీసులు బికారి అనుకుని పట్టుకున్నారని కూడా చెప్తారు. 1947 మే 8న పోయాడు. హైక్లిఫ్‌లోని సెయింట్ మార్క్స్ చర్చి ఆవరణలో భార్య, తల్లి పక్కనే సమాధి.

షాపుని 1951లో లివర్‌పూల్‌కి చెందిన లూయిసెస్ కొన్నది. పైన మాస్టారు చెప్పిన జాన్ లూయిస్ వేరు, ఇది వేరు, కలిపేయకండి. అసలు షాపు యుద్ధంలో ఇంకో పని కూడా చేసింది: భూగర్భంలో అమెరికన్ల రహస్య టెలిఫోన్ యంత్రం పెట్టారు. సిగ్‌సాలీ అని పేరు. చర్చిల్, రూజ్‌వెల్ట్ మాటలు ఎవరూ వినకుండా దాని గుండానే వెళ్ళేవి. పైన చీరలు, సారీ, గౌన్లు అమ్ముతుంటే కింద యుద్ధం నడుస్తోంది!

మోడరేటర్

థ్రెడ్ బాగా నడుస్తోంది. ఒక విన్నపం: సీజన్ 3, 4 విషయాలు రాసేవాళ్ళు మొదటి లైనులోనే సీజన్ నంబరు పెట్టండి. గోదారిగట్టు గారు ఇంకా రెండోదిలోనే ఉన్నారు, ఆవిడ థ్రెడ్‌లోనే ఆవిడకి అన్నీ తెలిసిపోతున్నాయి.

గోదారిగట్టు

ఫర్వాలేదండి, తెలిసినా చూస్తా. రోజ్ పోతుందని ముందే తెలిసి చూస్తుంటే ఫ్రాన్సెస్ ఓకానర్ చిరునవ్వు ఇంకా బాధగా ఉంది.

రెండో సీజన్‌లో యుద్ధం వచ్చింది కదా, మగవాళ్ళు వెళ్ళిపోతే లోడింగ్ బేలో అమ్మాయిలు పెట్టెలు మోయడం చాలా నచ్చింది. లేడీ మే భర్త లార్డ్ లాక్స్‌లీ సైన్యానికి బూట్ల కాంట్రాక్టులో కడుపు కొట్టడం కూడా. ఆ బూట్ల సంగతి నిజమా, మాస్టారూ?

ఇంకొకటి, మూడో సీజన్ నీరసం అంటున్నారు చాలామంది. వదిలేసి నాలుగుకి వెళ్ళనా?

లెక్కల మాస్టారు

ఆ బూట్ల కుంభకోణం కథ కోసం అల్లిందే. లాక్స్‌లీయే కల్పిత పాత్ర కదమ్మా. యుద్ధంలో కాంట్రాక్టర్లు బాగుపడటానికి మాత్రం కల్పన అక్కర్లేదు.

మూడోది వదలకండి. నాన్సీ వెబ్ అనే మోసగత్తె ఇళ్ళ స్కీము కథ పూర్తిగా కల్పితం, కాస్త సాగుతుంది కూడా. కానీ హ్యారీ లెక్క చూడకుండా సంతకం పెట్టే అలవాటు అక్కడే కనిపిస్తుంది.

సీరియల్ పిచ్చి

సీజన్ 3: హెన్రీ యుద్ధం నుంచి తిరిగొచ్చిన మనిషిగా గ్రెగరీ ఫిటూసీ నటన కోసమైనా చూడాలి. రాత్రుళ్ళు ఉలిక్కిపడే ఆ మనిషి పాత విండోల హెన్రీ కాదు. ఆ తర్వాత అతనూ ఆగ్నెస్ వెళ్ళిపోతారు, అక్కడ్నుంచి నాకు షాపు సగం ఖాళీ అయినట్టే అనిపించింది.

కౌంటర్ నంబర్ 3

సీజన్ 4లో విండోలు కూడా చప్పగా ఉంటాయి, నా ఫిర్యాదు అదొక్కటే. గోదారిగట్టు గారూ, మల్లెతీగ గారి మాట మా యజమాని గారి చెవిన వేశాను. దసరా తర్వాత చూద్దామన్నారు.

మల్లెతీగ

ఏ దసరా అని అడగండి.